చేప తిరిగేదాకా

మళ్ళీ తప్పింది.

ఆర్డిస్ గాలపు కర్రని వెనక్కి లాగిన ఊపుకి, గాలానికి ఈకలు చుట్టి చేసిన ఉత్తుత్తి ఈగ నీళ్ళ మీంచి లేచి, ఆమె టోపీ పక్కనుంచి రయ్యిమని పోయి, వెనకాల తుప్పల్లో చిక్కుకుంది. చేప లేచిన చోట చిన్న సుడి వలయాలుగా విచ్చుకుని, మెల్లగా వంతెన వైపు కొట్టుకుపోయింది.

"ఏం పట్టావో చూసుకో," అన్నాడు ఒడ్డున బండ మీద కూర్చున్న హోబర్ట్. "చెట్టు. అర టన్ను బరువుంటుంది. ఫొటో తీయిద్దామా?"

"నవ్వండి బాబాయ్, నవ్వండి."

"నవ్వడం కాదమ్మాయ్, నా కర్ర కోసం ఏడుస్తున్నాను. కర్రతో లాగకు! దారం పట్టుకుని లాగు. ఆ కొసని చిత్రిక పట్టడానికి చలికాలం సగం పోయింది నాకు."

ఆర్డిస్ మోకాలి లోతు నీళ్ళలోంచి వెనక్కి నడిచి, కొమ్మని వంచి, గాలాన్ని ఆకుల్లోంచి విడిపించింది. ఆ ఈగ ఆమె చుట్టిందే. బూడిదరంగు పుంజు మెడ ఈకా, బాతు రెక్క పీచూ, పసుప్పచ్చ పట్టు దారమూ. హోబర్ట్ గాలపు కర్రల కొట్టు కోసం ఏళ్ళ తరబడి అలాంటివి చుడుతూనే ఉంది కానీ, వాటిలో ఒక్కదాన్నయినా తను నీళ్ళ మీద వేసింది ఈ వేసవిలోనే. వేయడం తొందరగానే వచ్చింది. దారం గాల్లో సాగడం, ఈగ పువ్వులా వాలడం, అన్నీ వచ్చాయి. చేప లేచాకే అంతా పాడవుతోంది.

"ఇటు రా. కూర్చో," అన్నాడు హోబర్ట్. కర్ర తీసుకుని, వెదురు బద్దలు అతికిన చోట గోరుతో తడిమి, పగుళ్ళు లేవని చూసుకున్నాడు. ఆరు బద్దలు, ఒక్క కర్రలా కలిసిపోయినవి. "నువ్వు చేప ముక్కు కనపడగానే లాగుతున్నావు. అప్పటికి దాని నోరు తెరిచి ఉంటుంది. తెరిచిన నోట్లోంచి గాలం ఎలా వెళ్ళిందో అలాగే వచ్చేస్తుంది. అది ఈగని తీసుకోవాలి, నోరు మూయాలి, కిందికి తిరగాలి. తిరిగాక నువ్వు చెయ్యాల్సిందేం లేదు. కర్ర ఎత్తడమే. దారిలో ఎవరైనా ఎదురైతే టోపీ ఎత్తినట్టు. అంతకన్నా గట్టిగా ఎత్తితే గాలం కట్టిన సన్న నరం తెగుతుంది, లేదా నా వెదురు విరుగుతుంది."

"తిరిగిందని ఎలా తెలుస్తుంది?"

"తెలుస్తుంది."

"అదే, ఎలా?"

"మీ ఆయనకి కోపం వచ్చిందని ఎలా తెలుస్తుంది నీకు? వచ్చి చెప్తాడా?"

ఆర్డిస్ నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఈ మధ్య రాయ్స్ ముఖం చూసి ఏదీ తెలియడం లేదు ఆమెకి.

క్యాట్‌స్కిల్ కొండల్లో వేసవి మొదలైందేగానీ మే నెలనుంచీ చినుకు లేదు. ఏరు రాళ్ళ మధ్యకి కుంచించుకుపోయింది. పైన వంపు తిరిగిన చోట కట్టెల్ని ఉడికించి ఆసిడ్ తీసే ఫ్యాక్టరీ పొగ పైకి పోకుండా లోయలోనే పడుకుని ఉంది, పుల్లగా, తారు వాసనతో. ఆ వాసనకి ఊరివాళ్ళు ఎప్పుడో అలవాటు పడ్డారు. ఇనప పొయ్యిల్లో కట్టెలు ఉడికినన్నాళ్ళూ జీతాలొస్తాయి. దేశంలో సగంమందికి అదీ లేని రోజులు.

"శనివారానికి ఇది నాకు రాకపోతే మిసెస్ వెనబుల్ ఇంకెవరినో చూసుకుంటుంది," అంది ఆర్డిస్.

"వస్తుంది."

మిసెస్ వెనబుల్ ఊళ్ళో బోర్డింగ్ హౌస్ నడిపే వితంతువు. వేసవిలో చేపల వేటకి వచ్చే దొరలకి దారి చూపించడానికి హోబర్ట్ ఉన్నాడు. వాళ్ళ వెంట వచ్చే ఆడవాళ్ళు మాత్రం వరండాలో విసనకర్రలు ఊపుకుంటూ విసిగిపోతున్నారని, వాళ్ళని ఏటికి తీసుకెళ్ళే ఆడమనిషి కావాలని ఆమె వెతుకుతోంది. ఆర్డిస్‌కి ఆ పని కావాలి. మొగుడి జీతం చాలక కాదు. ఏటి మధ్యలో నిలబడ్డప్పుడు తన వంటిల్లు, ఫ్యాక్టరీవాళ్ళిచ్చిన ఆ ఇల్లు, చాలా దూరంగా, అగ్గిపెట్టెలా కనిపిస్తుంది. అది ఆమెకి నచ్చింది.

బుధవారం సాయంత్రం గాలి ఆడలేదు. ఆమె వంతెన కింద మడుగులోకి దిగి, ఈగని రెండు రాళ్ళ మధ్య నల్లటి నీళ్ళ మీదికి వేసింది. అది రెక్కలు నిక్కబొడుచుకుని తేలుతూ వచ్చింది. దాని కింద నీళ్ళు ఉబ్బాయి. ముక్కు లేచింది. ఆర్డిస్ మోచెయ్యి దానంతటదే పైకి లేవబోయింది. పళ్ళు బిగబట్టి ఆపింది. ముక్కు మునిగింది. ఈగ లేదు. ఇంకా ఆగింది. దారం కొస నీళ్ళలో ఒక వెంట్రుకవాసి పక్కకి జరిగింది.

ఎత్తింది.

వెదురు పిడి దాకా వంగింది. అరచేతిలో ఏదో ప్రాణి తల విదిలించినట్టయింది. ఆమె కేక వేసింది, ఏమని వేసిందో ఆమెకే తెలీదు.

"పట్టాను బాబాయ్!"

"నువ్వేం పట్టలేదు. అది తిరిగింది, నువ్వు అడ్డు పడలేదు," అన్నాడు హోబర్ట్. కానీ లేచి నిలబడ్డాడు, ముఖమంతా నవ్వుతో. "కర్ర దించకు! దాన్ని అలిసిపోనీ... ఆఁ, ఇప్పుడు వల కిందికి తీసుకురా."

గోధుమ వన్నె ట్రౌట్, ఒంటినిండా ఎర్రటి చుక్కలు. ఆర్డిస్ రెండోసారి వేసింది. అదే చోట ఇంకొకటి లేచింది. ఆగింది, ఎత్తింది, తగిలింది. మూడోది కూడా. మూడోది మాత్రం తల విదిలించలేదు. తడిసిన గుడ్డలా లాగినకొద్దీ వచ్చేసింది.

హోబర్ట్ దాన్ని అందుకుని మొప్ప ఎత్తి చూశాడు. అతని ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో ఆమె గమనించలేదు. ఒక చేప అంత అల్లరి చేశాక మడుగులో మిగతావి బెదిరి అడుగుకి పోవాలి. ఇవి పోలేదు. ఆ వేళకి ఏటి మీద ముసరాల్సిన ఈగలు లేవు, వాటికోసం వచ్చే వానకోయిలలూ లేవు. అతను వంగి ఒక రాయి తిరగేశాడు. రాళ్ళ అడుగున ఎప్పుడూ అంటుకుని ఉండే పురుగుల గూళ్ళు ఒక్కటీ లేవు. నున్నగా, జిగురుగా ఉంది. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, పంట్లానికి తుడుచుకున్నాడు.

"ఈ వేళకి చాలు," అన్నాడు.

"ఇంకొక్కటి బాబాయ్."

"చాలన్నానుగా."

ఇంటికొచ్చి ఆర్డిస్ చేపల్ని మొక్కజొన్న పిండిలో దొర్లించి, పంది కొవ్వులో వేయించింది. పక్కన ఉడికించిన బంగాళాదుంపలు పెట్టింది. రాయ్స్ వచ్చి, బూట్లు మెట్ల మీదే విడిచి, కిరసనాయిలుతో చేతులు రుద్దుకుని, బల్ల దగ్గర కూర్చున్నాడు. కంచం వంక చూశాడు.

"ఎక్కడివి?"

"నేనే పట్టాను! మూడూ నేనే. ఒక్కటీ తప్పలేదు, తెలుసా? హోబ్ బాబాయ్‌ని అడుగు కావాలంటే."

"ఎక్కడ?"

"వంతెన కింద మడుగులో."

రాయ్స్ ఫోర్కు కింద పెట్టాడు. "నువ్వు తిన్నావా?"

"నీతో తిందామని ఆగాను."

"తినకు."

అతను రెండు కంచాలూ తీసుకుని, పొయ్యి మూత తెరిచి, చేపల్ని నిప్పుల్లోకి గీకేశాడు. వాసనకి కుక్క గుమ్మంలోంచి కుయ్యికుయ్యిమంటూ వస్తే కాలితో మెల్లగా అవతలికి నెట్టాడు. పెనం తీసుకెళ్ళి పంపు కింద తనే తోమాడు. పెళ్ళయ్యాక అతను గిన్నె తోమగా ఆమె చూడడం అదే మొదలు. ఆమెకి కోపం రావాల్సింది. భయం వేసింది.

"రాయ్స్. ఏంటిది?"

అతను పెనం బోర్లించి, దానికేసి చూస్తూనే చెప్పాడు. "ఫ్యాక్టరీలో కట్టెల తారు వదిలే గుంట నిండిపోయింది. మామూలుగా అయితే వానలకి ఏరు పొంగినప్పుడు తూము ఎత్తుతాం, కొట్టుకుపోతుంది, ఎవడికీ తెలీదు. ఈసారి వానల్లేవు. గట్టు అడుగున చెమ్మ ఊరుతోంది. అది తెగిందంటే కింద పొయ్యిల దగ్గర పనిచేసేవాళ్ళ మీద పడుతుంది. సూపరింటెండెంటు తూము బెత్తెడు ఎత్తమన్నాడు. ఎత్తాను."

"ఎప్పుడు?"

"ఆదివారం. శనివారం చీకటిపడ్డాక మొత్తం ఎత్తాలట."

"ఎత్తుతావా?"

"నేను కాకపోతే ఇంకొకడు ఎత్తుతాడు. ఈ ఇల్లు వాడికిస్తారు."

"జనం ఆ చేపలు తింటున్నారు కదా!"

"తింటే ఏమవుతుందో నాకు తెలీదు. ఎవడికీ తెలీదు. ఏమీ అవదేమో." అతను అప్పుడు ఆమె వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పొగకో మరెందుకో. "ఎవరికీ చెప్పకు ఆర్డిస్. ఆ ముసలాయనకి అసలు చెప్పకు."

గురువారం ఆమె ఏటికి వెళ్ళింది. వెళ్ళకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు. మిసెస్ వెనబుల్ స్వయంగా వంతెన మీద నిలబడి చూస్తోంది, ఏప్రన్‌కి అంటిన పిండి దులుపుకుంటూ. ఆర్డిస్ వేసిన ప్రతిసారీ చేప లేచింది. ప్రతిసారీ ఆగి, కర్ర ఎత్తింది. ఒక్కటీ తప్పలేదు. పట్టినవాటిని వల లోంచే జార్చేస్తుంటే, అవి ఈదిపోకుండా ఆమె బూట్ల పక్కనే ఒరిగి నిలబడ్డాయి.

"అబ్బో!" అని చప్పట్లు కొట్టింది మిసెస్ వెనబుల్. "ఇంత బాగా వచ్చని చెప్పవేంటే? శనివారం పొద్దున్నే వచ్చెయ్. మిసెస్ లాథ్రప్ అని నువార్క్ నుంచి వస్తోంది. మంచి మనిషి, కాస్త వాగుతుంది, అంతే."

ఆమె వెళ్ళాక హోబర్ట్ తడిసిన పట్టు దారాన్ని ఆరడానికి రెండు చెట్ల మధ్య కట్టడం మొదలెట్టాడు. 

"రాయ్స్ ఏమన్నా అన్నాడా? ఫ్యాక్టరీ సంగతి?"

"లేదు."

అతను దారం వదిలేసి ఆమె కేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఏం అనలేదు బాబాయ్."

"సరే."

"నేను బాగా ఎత్తుతున్నానా?" ఎందుకడిగిందో, ఆ మాటే వచ్చింది.

"బాగానే ఎత్తుతున్నావు. చెయ్యికి తెలిసిపోయింది." అతను మళ్ళీ దారం అందుకున్నాడు. "కానీ ఇప్పుడు చీపురుకర్రతో లాగినా ఇవి వస్తాయమ్మాయ్."

శుక్రవారం ఆమె కర్ర తీసుకెళ్ళలేదు. బట్టలు ఆరేసి, ఊరికే ఒడ్డు వెంట నడిచింది. కొండ మీంచి ఒక సన్నటి ఊట వచ్చి ఏట్లో కలిసే చోట చేపలు కిక్కిరిసి ఉన్నాయి. పెద్దవీ చిన్నవీ, ఒకదాని మీద ఒకటి, ముట్టెలన్నీ ఆ చెంబుడు చల్లటి నీళ్ళ వైపే. ఆమె నీడ మీద పడ్డా కదల్లేదు. నోళ్ళు మాత్రం తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఆర్డిస్ అక్కడ కూర్చోలేక లేచి వచ్చేసింది. ఆ రాత్రి భోజనాల దగ్గర భార్యాభర్తలు వాతావరణం గురించి మాట్లాడుకున్నారు.

మిసెస్ లాథ్రప్ నిజంగానే మంచి మనిషి. బొద్దుగా, అరువు బూట్లలో తూలుతూ, జారినప్పుడల్లా ఆర్డిస్ భుజం పట్టుకుని పకపకా నవ్వుతోంది.

"పైకి వెళ్దామాండీ? ఫ్యాక్టరీ దాటి ఎగువకి వెళ్తే చాలా బాగుంటుంది," అంది ఆర్డిస్.

"నడవాలా? వద్దు తల్లీ, ఇక్కడే బాగుంది. చెప్పు, ఏం చెయ్యాలి?"

ఆర్డిస్ చెప్పింది. చేప నోరు మూయాలని, తిరగాలని, అప్పుడు టోపీ ఎత్తినట్టు ఎత్తాలని. తన గొంతులో హోబర్ట్ మాటలు తనకే వింతగా వినిపించాయి. మిసెస్ లాథ్రప్ ఏదీ సరిగా చెయ్యలేదు. ఒకసారి చాలా ముందు లాగింది, ఒకసారి కబుర్లలో పడి లాగడమే మరిచిపోయింది. అయినా చేప గాలం నోట్లో పెట్టుకుని అలాగే ఉంది.

"ఇంత తేలికా!" అందామె సంతోషంతో ముఖం ఎర్రబడిపోగా. "మా ఆయన రెండేళ్ళుగా దీనికోసం పుస్తకాలు చదువుతున్నాడు! ఆర్డిస్, నువ్వు మంత్రగత్తెవి. వచ్చే వారం మా చెల్లెల్ని కూడా రమ్మంటాను."

బుట్ట నిండింది. మిసెస్ లాథ్రప్ చేపల మీద తనే ఆకులు కప్పి, బుట్టని చంటిపిల్లలా ఎత్తుకుని బోర్డింగ్ హౌస్ వరకూ మోసుకెళ్ళింది. వంటమనిషికి అందించేదాకా ఎవరికీ ఇవ్వలేదు. ఆర్డిస్ అప్పుడైనా చెప్పొచ్చు. వంటింటి వెనక మెట్ల మీద కూర్చుని, మిసెస్ వెనబుల్ పెట్టిన కాఫీ చేత్తో పట్టుకుని, చెప్పకుండా కూర్చుంది. లోపల వెన్న చిటపటలాడింది. పళ్ళేల చప్పుడైంది. మిసెస్ లాథ్రప్ తను చేప పట్టిన కథ బల్లంతటికీ వినిపించేలా మొదలెట్టింది. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగి, ఫోర్కులు కంచాలకి తగిలిన ఆ క్షణం ఆర్డిస్ లేచింది.

భోజనాల గదిలోకి తడి బూట్లతో నడిచింది.

"అవి తినకండి."

"ఆర్డిస్! నా తివాచీ!" అంది మిసెస్ వెనబుల్.

"తినకండి. ఫ్యాక్టరీ తారు గుంట తూము ఆదివారం నుంచీ తెరిచే ఉంది. ఏట్లో చేపలు చస్తున్నాయి. అందుకే అంత తేలిగ్గా పడ్డాయి. ఈ రాత్రికి మొత్తం వదిలేస్తారు."

 మిసెస్ లాథ్రప్ నోటి దగ్గరున్న ముక్కని నెమ్మదిగా కంచంలో పెట్టింది. ఆమె ముఖంలో కోపం లేదు, అదే కష్టంగా ఉంది చూడడానికి.

"నువ్వే కదా పట్టించావు, నాతో?"

"నేనేనండీ."

"మరి పొద్దున చెప్పలేదే?"

"చెప్పాల్సింది," అంది ఆర్డిస్. 

మిసెస్ వెనబుల్ ఆర్డిస్ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కొచ్చింది. "ఇక్కడ ఈ వేసవిలో ఎవడుంటాడే ఇక? నన్ను ముంచావు, నీ మొగుణ్ణి ముంచావు. ఎవరు చెప్పారు నీకు తూము సంగతి? వాడేనా?"

"ఎవరూ చెప్పలేదు. నేనే చూశాను."

హాల్లో ఎవరో అతిథి అప్పటికే టెలిఫోనులో గట్టిగట్టిగా మాట్లాడుతున్నాడు.

మధ్యాహ్నం ఎండలో చేపల శాఖ అధికారి కారు దుమ్ము లేపుకుంటూ ఫ్యాక్టరీ వైపు వెళ్ళింది. ఆర్డిస్ తన ఇంటి మెట్ల మీద కూర్చుని చూసింది. పక్కింటి నెల్ కంచె దగ్గరికి వచ్చింది, చంకలో పిల్లాడితో. "ఎవరో వచ్చారంటగా? పొయ్యిలు ఆర్పమన్నారంట. నీకేమన్నా తెలుసా?" ఆర్డిస్ తల ఊపిందో లేదో ఆమెకే తెలీదు. నెల్ పిల్లాణ్ణి చంక మార్చుకుని వెళ్ళిపోయింది.

పని వదిలే కూత ఎప్పుడో వినిపించింది. మగవాళ్ళు గుంపులుగా వచ్చారు, ఎప్పటిలా అరుచుకుంటూ కాదు. ఆమె ఇంటి ముందుకు రాగానే మాటలు ఆపి, దాటాక మళ్ళీ మొదలెట్టారు. రాయ్స్ వాళ్ళలో లేడు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అతను వచ్చి ఏం చేస్తాడోనని ఆలోచించింది. ఎప్పుడూ చెయ్యి ఎత్తలేదు. 

అందరూ పోయాక వచ్చాడు, ఖాళీ క్యారేజీ ఊపుకుంటూ. మెట్టు మీద ఆమె పక్కన కూర్చున్నాడు. బూట్లు విప్పలేదు.

"అందరినీ గుంట దగ్గరికి పిలిచారు," అన్నాడు. "అప్పటికే సూపరింటెండెంటు తూము మూయించేశాడు. ఏడాదిగా తెరవలేదని చెప్పాడు ఆ అధికారికి. ఏట్లో చేపలు చస్తున్నాయంటే ఆ కర్రలు చేసే ముసలాడు చేపల కోసం సున్నం కలిపి ఉంటాడన్నాడు. హోబర్ట్ పేరు పెట్టి చెప్పాడు. రోజూ మడుగు దగ్గరే ఉంటాడుగా, జనమంతా చూశారుగా అన్నాడు."

ఆర్డిస్ అతని వైపు తిరిగింది.

"ఆ అధికారి నన్నడిగాడు. తూము కాపలా నీదేనటగా, తెరిచావా అని."

"ఏమన్నావు?"

"కాదందామనే నోరు తెరిచాను." అతను క్యారేజీ మూత తీశాడు, పెట్టాడు. "తెరిచానండీ అన్నాను. చక్రం మీద తారు ఇంకా పచ్చిగానే ఉంది, చెయ్యి పెట్టి చూసుకోండి అన్నాను. చూసుకున్నాడు. తూముకి గొలుసు వేసి తాళం పెట్టాడు. గుంటలో సగం తోడించేదాకా పొయ్యిలు వెలిగించకూడదన్నాడు. ఎన్నాళ్ళు పడుతుందో."

ఆమె అతని చెయ్యి పట్టుకోబోయింది. అతను పట్టుకోనివ్వలేదు, లాక్కోనూ లేదు.

"నువ్వే చెప్పావని అందరికీ తెలుసు. నా పేరు చెప్పలేదంటగా."

"చెప్పలేదు."

"చెప్పినా బాగుండేది. అంతసేపు ఆలోచించాల్సిన పని ఉండేది కాదు నాకు." క్యారేజీ పక్కన పెట్టాడు. "సోమవారానికి ఇల్లు ఖాళీ చెయ్యాలి."

ఆదివారం పొద్దున్నే హోబర్ట్ తన పాత ఫోర్డు ట్రక్కు తెచ్చాడు. కర్రల కొట్టు పైన ఒక గది ఉంది, వార్నిష్ వాసన భరిస్తే ఉండొచ్చన్నాడు. మంచం విప్పి ఎక్కించారు, పరుపు, పొయ్యి, ఆర్డిస్ ఈకల పెట్టె. వరుసలో ఇళ్ళన్నిటి వరండాల్లో ఆడవాళ్ళు నిలబడి చూశారు. ఒక చెయ్యి సాయం రాలేదు. ఎన్నేళ్ళకో కొండల మీద పొగ లేదు. ఆకాశం శుభ్రంగా, నీలంగా, ఎవరికీ అక్కర్లేనట్టుగా ఉంది.

రాయ్స్ లోపల ఉండగా ఆర్డిస్ హోబర్ట్ దగ్గరికి వెళ్ళింది. "గురువారం మీకు అబద్ధం చెప్పాను బాబాయ్."

"తెలుసు."

"తెలిసి మరి..."

"నీకు శనివారం పని ఉందిగా." అతను పరుపు చుట్టూ తాడు బిగిస్తూ, ముడి మీదే చూపు పెట్టాడు. "రెండ్రోజులు ఆగితే ఏం పోతుందిలే అనుకున్నాను. రాయి తిరగేసిన రోజునే నేను గవర్నమెంటువాళ్ళకి ఫోను చెయ్యాల్సింది. నేనూ నోరు మూసుకున్నవాణ్ణేనమ్మాయ్. నా దగ్గర క్షమాపణలు చెప్పుకోకు."

ట్రక్కు కదిలింది. ముగ్గురూ ముందు సీటులో ఇరుక్కుని కూర్చున్నారు. నెల్ ఇల్లు దాటుతుండగా వెనక పొయ్యి రేకు మీద ఠంగుమని రాయి పడింది.

"పోనివ్వండి," అన్నాడు రాయ్స్, ముందుకే చూస్తూ.

"ఆపండి బాబాయ్," అంది ఆర్డిస్.

దిగింది. నెల్ తన గేటు దగ్గర నిలబడి ఉంది. రాయి విసిరిన చెయ్యి ఇంకా పూర్తిగా కిందికి దిగలేదు. ఆమె వెనక పిల్లలు ముగ్గురు, మెట్ల మీద, నిద్రముఖాలతో. నెల్ వాళ్ళ వైపు చెయ్యి చూపించింది.

"ఇప్పుడు వీళ్ళకేం పెట్టమంటావే? చెప్పు! చేపల్ని బతికించావుగా, వీళ్ళకేం పెట్టను?"

 వరండాల్లో అందరూ చూస్తున్నారు. ఆర్డిస్ గేటు దాకా నడిచి ఆగింది.

"పిల్లల్ని ఏట్లో దిగనివ్వకు నెల్," అంది. "వానలు పడేదాకా. చిన్నాడు అక్కడ నీళ్ళు తాగుతుంటాడు, నేను చూశాను."

 నెల్ వెనక్కి తిరిగి చూసింది. చిన్నవాణ్ణి రెక్క పట్టుకుని మెట్ల మీంచి లేపి, చంకనేసుకుని, లోపలికి తీసుకెళ్ళింది. తలుపు గట్టిగా వేసుకుంది.

ఆర్డిస్ ట్రక్కెక్కింది. రాయ్స్ జరిగి చోటిచ్చాడు.